చుక్క పడ్డ చోట చిల్లు ఉండదు: పాత మోటార్ యాట్‌ల చిన్న మరమ్మతుల గురించి

సంపాదకులకు నమస్కారం.

పాత మోటార్ యాట్‌ల సంరక్షణ మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజన్ గురించి, అడుగు రంగు గురించి అందులో చెప్పిన వాటితో నాకు పేచీ లేదు. కానీ డెక్ మీద బిగించిన సామాను దగ్గర నీళ్ళు కారుతుంటే చుట్టూ సిలికాన్ పూస్తే సరిపోతుందన్న సలహా మాత్రం తప్పు. చిన్న మరమ్మతుతో పోయేదాన్ని డెక్ కోసి తీసే దాకా తీసుకెళ్ళేది సరిగ్గా ఈ అలవాటే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా రాయక తప్పలేదు.

ఇరవై, ముప్ఫై ఏళ్ళ ఫైబర్‌గ్లాస్ పడవలో డెక్ చాలా వరకు ఒకే పలకగా ఉండదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒకటి, నడుమ బాల్సా చెక్కో ప్లైవుడ్డో నురుగు పలకో ఉంటాయి. పై పొరకూ కింది పొరకూ నీళ్ళంటే లెక్క లేదు. నడిమి చెక్క మాత్రం పీల్చుకుంటుంది. రెయిలింగ్ కడ్డీ పాదానికి నాలుగు బోల్టులు వేశారంటే ఆ చెక్కలోకి నాలుగు దారులు తెరిచినట్టే. సందు మూసే సీలెంట్ ముద్ద పట్టు ఉన్నంత కాలం అవి మూసి ఉంటాయి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ రెయిలింగే పట్టుకుంటారు, పడవను గట్టుకు లాగేటప్పుడూ దాన్నే లాగుతారు. పొడవాటి కడ్డీ పైకొస మీద పడే బలమంతా కింద పాదం దగ్గర ఎన్నో రెట్లవుతుంది. పాదం వెంట్రుక వాసి కదిలినా చాలు, ఏదో ఒక అంచున సీలెంట్ వదిలేస్తుంది. ఆ సందులోంచి నీళ్ళు బోల్టు వెంట దిగి, నడిమి చెక్కలోకి పాకి, మరెక్కడో పైకప్పు లైటు పక్కన చుక్కగా పడతాయి. చుక్క పడ్డ చోటికీ నీళ్ళు దిగిన చోటికీ మధ్య రెండు మీటర్ల దూరం ఉండడం మామూలే.

పాదం చుట్టూ పైపైన సిలికాన్ పూస్తే ఏమవుతుంది? నాలుగు నెలలు కారడం ఆగుతుంది, లోపలికి చేరిన తడి మాత్రం బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. చెక్క కుళ్ళుతుంది. దానితో పాటు బోల్టు కూడా పాడవుతుంది, ఇది చాలామందికి తట్టని సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద ఉండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర చెదిరిన ప్రతిసారీ మళ్ళీ కట్టుకోవాలంటే ఆక్సిజన్ అందాలి. గాలి ఆడని ఉప్పుతడిలో ఆ పొర నిలవదు, బోల్టు నడుం దగ్గర గుంటలు పడుతూ లోలోపలే తినేస్తుంది. పైన తల అద్దంలా మెరుస్తుంటుంది, విప్పి చూస్తే డెక్ మందంలో ఉన్న భాగం సగానికి సన్నబడి ఉంటుంది. పాదం అంచున సన్నటి గోధుమరంగు చార కనపడిందంటే దాన్ని మరక అనుకుని తుడిచేయకండి. లోపల తడి నిలిచిందని చెప్పే మొదటి గుర్తు అదే.

అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్‌ను రెండేసి సెంటీమీటర్లకు ఒకసారి తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట టక్కుమని పలుకుతుంది, తడిసి పొర వదిలిన చోట బద్దకంగా మోగుతుంది. శబ్దం మారిన గీతను పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ మచ్చ పాదం చుట్టూ అరచేతి కన్నా చిన్నదైతే అది ఈ ఉత్తరంలో చెప్పే పనితో సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే చిన్న మరమ్మతు కాదు, పై పొర కోయాల్సిందే.

పని ఇలా చేయాలి. కింది నుంచి నట్టు విప్పేటప్పుడు పైన బోల్టు తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి. పాదం ఊడకపోతే గడ్డపలుగు పెట్టి పెకలించకండి, ఫైబర్ పైన మెరిసే జెల్‌కోట్ పూత పెచ్చులూడుతుంది. పల్చటి పుట్టీ బ్లేడును చుట్టూ కొద్దికొద్దిగా దూరుస్తూ సీలెంట్ కోసుకుంటూ రావాలి. ఊడాక పాత సీలెంట్ మొత్తం గీకి, అసిటోన్ గుడ్డతో తుడవాలి. ఇప్పుడు బోల్టు 6 మి.మీ. అయితే ఆ రంధ్రాన్ని 12 మి.మీ. బిట్టుతో పెద్దది చేయాలి. పై పొరా నడిమి చెక్కా కోసి, కింది ఫైబర్ పొర తగలగానే ఆపాలి. బిట్టుతో పాటు వచ్చే పొట్టు చూడండి. లేత రంగులో పొడిగా రాలితే అదృష్టం. నల్లగా ముద్దగా వస్తే, వంచిన మేకును డ్రిల్లుకు బిగించి, రెండు పొరల నడుమ తిప్పి, గట్టి చెక్క తగిలేదాకా కుళ్ళినదంతా గోకి తీయాలి. తరవాత ఆరనివ్వాలి. ఒక పూటతో ఆరదు. పైన గొడుగులా ఏదైనా కప్పి, చిన్న ఫ్యానో బల్బు వేడో పెట్టి రోజుల తరబడి ఆరబెట్టాలి. తడి చెక్క మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోస్తే శ్రమంతా వృథా, అది పట్టదు.

ఆరాక కిందివైపు రంధ్రానికి టేపు అంటించి, ముందు పల్చటి ఎపాక్సీ పోసి పది నిమిషాలు చెక్కను తాగనివ్వాలి. మిగిలినదాన్ని సిరంజితో లాగేసి, మళ్ళీ ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, కర్రతో ఎత్తితే జారకుండా నిలబడేంత చిక్కగా చేసి కింది నుంచి పైకి నింపాలి. పైనుంచి కూరితే అడుగున గాలి బుడగ ఉండిపోతుంది, సిరంజి మూతిని అడుగు దాకా దించి నింపుకుంటూ పైకి లాగితే ఆ బాధ లేదు. రెసిన్, దాన్ని గట్టిపరిచే ద్రవం పాళ్ళు డబ్బా మీద రాసినంత ఖచ్చితంగా ఉండాలి. గట్టిపరిచేది ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది పాలియెస్టర్ రెసిన్ అలవాటు. ఎపాక్సీకి పాళ్ళు తప్పితే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది.

ఒక రోజు ఆగి, గట్టిపడ్డ ఎపాక్సీ నడుమ కొత్తగా 6 మి.మీ. రంధ్రం వేయాలి. ఇక బోల్టు పక్కన నీళ్ళు దిగినా తగిలేది ఎపాక్సీకే, చెక్కకు కాదు. ఈ పని అంతటికీ ప్రాణం అదే. రంధ్రం పై అంచును కౌంటర్‌సింక్ బిట్టుతో ఒకటి రెండు మి.మీ. ఏటవాలుగా గీయాలి. ఆ గాడిలో సీలెంట్ నిలిచి బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది. ఇది చేయనివాళ్ళు ఎంత సీలెంట్ వేసినా బిగించగానే అదంతా బయటికి వచ్చేసి, పాదం కింద కాగితం మందం కూడా మిగలదు.

పాదం కింద వేయడానికి నా ఓటు బ్యూటైల్ టేపుకే, అంటే మెత్తటి జిగురు రబ్బరు పట్టీకే. గట్టిపడదు, సాగుతుంది, పదేళ్ళ తరవాత విప్పాలన్నా ఊడి వస్తుంది. బోల్టు తల కింద వేలెడు ముక్కను శంఖాకారంలో చుట్టి, పాదం అడుగంతా ఒక వరస అంటించి పెట్టండి. బిగించేటప్పుడు పైన బోల్టు కదలకూడదు, కింద నట్టు మాత్రమే తిరగాలి. బోల్టు తిరిగితే చుట్టిన శంఖం తెగిపోతుంది. మొదటి రోజే ఊపిరంతా పట్టి బిగించేయకూడదు. అంచున టేపు చుట్టూతా సమంగా బయటికి వచ్చేదాకా బిగించి ఆపాలి, మర్నాడు పావు తిప్పు, ఆ మర్నాడు ఇంకో పావు తిప్పు. బయటికి వచ్చినదాన్ని ప్లాస్టిక్ ముక్కతో కోసేయాలి. కింద వట్టి వాషర్లతో సరిపెట్టకండి. తాడు కట్టే క్లీట్‌కూ రెయిలింగ్ పాదానికీ వెనక 6 మి.మీ. ఫైబర్ పలకో, 4 మి.మీ. స్టెయిన్‌లెస్ పలకో ఉండాలి, పాదం కన్నా అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు పెద్దదిగా. పలక లేకపోతే పాదం మళ్ళీ కదులుతుంది, కథ మొదటికి వస్తుంది.

సీలెంట్ల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో అన్నీ ఒకేలాంటి గొట్టాల్లో కనపడతాయి. పాలియురెథేన్ అంటే జిగురు. అందులో గట్టి రకంతో అంటించినదాన్ని మళ్ళీ ఊడదీస్తే జెల్‌కోట్ కూడా దానితోనే వస్తుంది, కాబట్టి ఎప్పటికీ విప్పనవసరం లేని చోటే వాడాలి. పాలిసల్ఫైడ్ డెక్ సామానుకూ, టేకు పలకల సందులకూ మంచిది, కానీ అక్రిలిక్, పాలికార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్‌లను అది తినేస్తుంది. ప్లాస్టిక్ కిటికీకి పాలిసల్ఫైడ్ పెడితే అంచుల్లో సన్నటి బీటలు పడతాయి. సిలికాన్‌కు చోటు అక్కడే, ప్లాస్టిక్ అద్దాల దగ్గర. ఫైబర్ డెక్ మీద మాత్రం దాన్ని రానివ్వకండి. గీకి తీసినా కంటికి కనపడని పొర మిగిలి, ఆ తరవాత వేసే ఏ సీలెంటూ ఏ పెయింటూ అక్కడ పట్టదు.

కిటికీల దగ్గరికి వస్తే, పాత మోటార్ యాట్‌లలో ఎక్కువగా ఉండేవి అల్యూమినియం చట్రంలో జరిగే అద్దాలు. వాటి కింది గాడిలోకి వాన నీళ్ళు చేరడం లోపం కాదు, అలా చేరి బయటికి పోయేలాగే తయారు చేస్తారు. గాడి బయటి గోడకు చిన్న రంధ్రాలుంటాయి, ఒక్కొక్కటి 4 నుంచి 6 మి.మీ. దుమ్ము, ఉప్పు, నాచు కలిసి అవి పూడుకుపోతే గాడి నిండి నీళ్ళు లోపలి అంచు మీదుగా సోఫా మీదికి దిగుతాయి. అప్పుడు చాలామంది అద్దం చుట్టూ సీలెంట్ పూస్తారు, పూస్తూ పూస్తూ ఆ రంధ్రాలను కూడా మూసేస్తారు. ముందు చేయాల్సింది ఒక మెత్తటి తీగతో ఆ రంధ్రాలు పొడిచి, చెంబుడు నీళ్ళు గాడిలో పోసి బయట ధారగా వస్తున్నాయో లేదో చూడడం. గాడిలో అద్దం జరిగే మఖమల్ పట్టీ పాతబడి పీచులా ఊడుతుంటే అది కూడా నీళ్ళను పట్టి ఉంచుతుంది, దాని అడుగున అల్యూమినియం తెల్లటి పొడిగా పొక్కుతుంది. పట్టీ లాగేసి, పొడి గీకి, కొత్త పట్టీ వేసేటప్పుడు నీటి రంధ్రాలకు ఎదురుగా పట్టీని కత్తిరించి ఖాళీ వదలాలి.

గాడి బాగానే ఉండి ఇంకా కారుతుంటే చట్రానికీ గోడకూ నడుమ సందు ఉన్నట్టు. అదెక్కడో కనిపెట్టడానికి తొందరపడి పైనుంచి హోస్ పట్టకండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు నిదానంగా నీళ్ళు వదులుతూ పైకి పోవాలి, లోపల ఒకరు టార్చితో చూస్తుండాలి. పైనుంచి మొదలెడితే నీళ్ళు అన్ని చోట్లా తడిపి ఏది దారో తెలియకుండా చేస్తాయి. ఇంకా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. తలుపులూ గాలి రంధ్రాలూ టేపుతో మూసి, ఒక హ్యాచ్‌లో (డెక్ మీద మూత ఉండే ద్వారంలో) అట్టపెట్టెతో బ్లోయర్ బిగించి క్యాబిన్‌లోకి గాలి నెట్టాలి. బయట చట్రాల చుట్టూ, రెయిలింగ్ పాదాల చుట్టూ సబ్బునీళ్ళు బ్రష్‌తో రాస్తే, సందున్న ప్రతి చోటా బుడగలు లేస్తాయి. వానలో వారం వెతికినా దొరకనిది అరగంటలో దొరుకుతుంది.

హ్యాచ్ మూత కారుతుంటే గడియలు ఇంకా బిగించడం సరైన విరుగుడు కాదు. ఒక కాగితం ముక్కను రబ్బరు పట్టీ మీద పెట్టి మూత వేసి లాగండి, చుట్టూ పది చోట్ల. లాగినప్పుడు బిగువుగా ఉన్న చోట పట్టీ పని చేస్తోంది, జారి వచ్చేసిన చోట చచ్చిపోయింది. కొత్త పట్టీ నీళ్ళు పీల్చని రకం నురుగు రబ్బరై ఉండాలి, అంటే లోపలి గాలి గదులు ఒక్కొక్కటీ విడిగా మూసుకుని ఉండేది. మూలల దగ్గర సాగదీసి అంటించకూడదు, సాగదీసింది నెలలోపే వెనక్కి ముడుచుకుని మూలలు వదిలేస్తుంది. ఒక మీటరుకు సెంటీమీటరు ఎక్కువ కోసి, నొక్కుకుంటూ అమర్చి, అతుకు కీలు వైపున పెట్టండి. అక్రిలిక్ మూతలను అమోనియా ఉన్న అద్దాల ద్రవంతో తుడిస్తే సాలెగూడులాంటి బీటలు వస్తాయి. సబ్బునీళ్ళు చాలు.

ఇంజన్ గది మూతను ఎత్తి పట్టే గ్యాస్ కడ్డీలు పాత పడవల్లో ముందుగా చచ్చిపోయేవాటిలో ఒకటి. మూత చేతుల మీద పడితే వేళ్ళు పోతాయి కనుక దీన్ని వాయిదా వేయకండి. కడ్డీ మీద న్యూటన్లలో అంకె ఉంటుంది. చెరిగిపోతే లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు మూత 20 కిలోలు, కీలు నుంచి దాని బరువు కేంద్రం అర మీటరు దూరంలో ఉందనుకుందాం. 20 కిలోలంటే సుమారు 196 న్యూటన్లు, అర మీటరుతో హెచ్చిస్తే 98. రెండు కడ్డీలు, ఒక్కోటి కీలు నుంచి లంబంగా 25 సెంటీమీటర్ల దూరంలో నెడుతుంటే, 98ని రెండు కడ్డీల దూరాల మొత్తంతో, అంటే అర మీటరుతో భాగించాలి. ఒక్కో కడ్డీకి 196 న్యూటన్లు వస్తుంది, పదో పన్నెండో శాతం కలుపుకుని 220 తీసుకోవచ్చు. పాతవి విప్పేముందు మూత కింద కర్ర ఊతం పెట్టాలి, రెండు కడ్డీలనూ కలిపే మార్చాలి, మూత మూసి ఉన్నప్పుడు సన్నటి కడ్డీ కిందివైపుకు ఉండాలి. అలా ఉంటేనే లోపలి నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండనివ్వదు.

ఇవన్నీ చుక్కల గోల. మునిగేది మాత్రం నీటిమట్టం కింద ఉన్న బిగింపుల వల్ల, మీ వ్యాసం వాటిని ఒక్క ముక్కలో దాటేసింది. అడుగులో నీళ్ళు తీసుకునే, వదిలే ప్రతి రంధ్రానికీ సీకాక్ అనే కవాటం ఉంటుంది. ఆ కవాటం కంచుదా ఇత్తడిదా అన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. ఇత్తడిలో ఉన్న జింకును ఉప్పునీళ్ళు లాగేస్తాయి, మిగిలేది గుల్లబారిన రాగి. రూపం చెక్కుచెదరదు, బలం పోతుంది. చాకు మొనతో కవాటం మీదా హోస్ తొడిగే ముక్కు మీదా ఒక గీత గీసి చూడండి. పసుపుపచ్చగా మెరిస్తే సరే, గులాబీ చాయ కనపడితే ఆ ముక్కను నమ్మకూడదు. గట్టు మీదికి ఎక్కించినప్పుడు దాన్ని మార్చి తీరాలి. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ, సీకాక్ లోపలి కొస మీద 500 పౌన్ల బలాన్ని, అంటే సుమారు 227 కిలోలను, 30 సెకన్లు తట్టుకోవాలని అంటుంది. గుల్లబారిన ఇత్తడి ఒక మనిషి కాలు తగిలినా విరగొచ్చు.

నెలకోసారి ప్రతి సీకాక్‌నూ మూసి తెరవాలి. పట్టేసి ఉంటే గొట్టం తొడిగి బలవంతంగా తిప్పకండి, పడవ నీళ్ళలో ఉండగా అసలు వద్దు. చక్రం తిప్పే గేటు వాల్వులు ఉంటే తీసేయండి. వాటి లోపలి కాడ తెగిపోయినా పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, మూసుకుందని మనం అనుకుంటాం. ఒక్కో సీకాక్ పక్కన దాని రంధ్రానికి సరిపడే మెత్తటి చెక్క బిరడాను తాడుతో కట్టి ఉంచాలి. హోస్‌కు చోటున్న దగ్గర రెండేసి క్లిప్పులు వేయాలి. క్లిప్పు కొనేటప్పుడు చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్ళండి. పట్టీ మంచి స్టెయిన్‌లెస్ అయినా స్క్రూ మాత్రం చౌకరకం పెట్టిన క్లిప్పులు వస్తుంటాయి. పట్టీకి అంటుకోని అయస్కాంతం స్క్రూకు టక్కుమని అంటుకుంటే ఆ క్లిప్పు బిల్జ్‌లో, అంటే పడవ అడుగున నీళ్ళు చేరే చోట, త్వరగా తుప్పుపట్టి తెగుతుంది.

కరెంటు సంగతి. లైటు మసకగా వెలిగితే బల్బు మార్చడం, పంపు నీరసంగా తిరిగితే పంపు మార్చడం పరిపాటి. చాలాసార్లు తప్పు అటూ ఇటూ ఉన్న వైర్లలో, అతుకుల్లో ఉంటుంది. లైటు వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని లైటు నెగటివ్ మీద పెట్టండి. 0.1 లేదా 0.2 వోల్టు చూపిస్తే మంచిదే. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో చిలుము పట్టిన అతుకు ఉంది. పాజిటివ్ వైపు కూడా అలాగే చూడాలి. వైరు సన్నదైనా ఇదే లక్షణం. 10 ఆంపియర్లు లాగే బిల్జ్ పంపు బ్యాటరీకి 6 మీటర్ల దూరంలో ఉందనుకోండి. రాను పోను 12 మీటర్లు. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వేస్తే దారిలోనే 0.83 వోల్టు పోతుంది, 12 వోల్టుల్లో దాదాపు 7 శాతం. 6 చదరపు మి.మీ. వేస్తే 0.34 వోల్టు, 3 శాతం లోపు. బిల్జ్ పంపుకూ నావిగేషన్ లైట్లకూ 3 శాతం మించనివ్వకూడదు, క్యాబిన్ లైట్లకు 10 దాకా పర్వాలేదు.

పాత వైరు కొస ఒలిచి చూడండి. రాగి నల్లబడి ఉంటే తడి తొడుగు లోపలికి పాకింది. మెరిసే రాగి కనపడేదాకా కోసుకుంటూ పోవాలి, ఒక్కోసారి జానెడు పోతుంది. కొత్త వైరు సన్నపోగులదీ, ప్రతి పోగుకూ కళాయి వేసినదీ అయి ఉండాలి. వైరు కొసకు తొడిగే లగ్గులను పటకారుతో నలిపేయకుండా రాట్చెట్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురున్న ష్రింక్ గొట్టం తొడిగి, కొసల్లో జిగురు చెమర్చేదాకా వేడి చేయాలి. క్రింప్ లేకుండా వట్టి టంకం మీద ఆధారపడకండి, టంకం పారిన చోట వైరు బిరుసెక్కి అదిరి అదిరి ఆ అంచునే తెగుతుంది. బిల్జ్ ఫ్లోట్ స్విచ్‌ను వారానికోసారి చేత్తో ఎత్తి చూడాలి. దాని కింద ఇరుక్కున్న చిన్న ప్లాస్టిక్ ముక్క చాలు పంపు లేవకుండా చేయడానికి.

మంచినీళ్ళ పంపు కొళాయిలన్నీ కట్టి ఉన్నా మధ్యమధ్యలో టుర్రుమంటే ఎక్కడో కారుతోంది, లేదా పంపు లోపలి కవాటం వెనక్కి వదులుతోంది. కారుతున్న జాడ లేకుండా నీళ్ళు గాలితో కలిసి వస్తుంటే తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంది. అక్కడ పీల్పు ఉంటుంది కనుక సందులోంచి నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. వడపోత గిన్నె మూత రబ్బరు ఉంగరమే చాలాసార్లు దోషి. టాయిలెట్ దుర్వాసన వస్తుంటే, వేడినీళ్ళలో తడిపిన గుడ్డతో ఒక్కో హోస్‌నూ రుద్ది, ఆ గుడ్డ వాసన చూడండి. గుడ్డకు కంపు అంటిందంటే ఆ హోస్ గోడలోంచే వాసన బయటికి వస్తోంది, ఎంత కడిగినా పోదు, మార్చాల్సిందే. తెల్లటి సున్నపు గారకు వెనిగర్ రాత్రంతా నిలిపి ఉంచాలి. బ్లీచింగ్ ద్రవం, ఆమ్లం ఒకదాని వెంట ఒకటి పోయకండి, క్లోరిన్ విషవాయువు లేస్తుంది.

డెక్ మీద డీజిల్ పోసే మూతకున్న చిన్న రబ్బరు ఉంగరాన్ని ఎవరూ పట్టించుకోరు. డీజిల్‌లోకి నీళ్ళు వచ్చే దారుల్లో ముందు అనుమానించాల్సింది అదే. అది ఏటా మార్చండి. నైట్రైల్ రబ్బరుదో విటాన్‌దో వేయాలి. ఈపీడీఎం అయితే డీజిల్ తగలగానే ఉబ్బి గాడిలోంచి బయటికి వస్తుంది.

చివరగా స్క్రూలు. అల్యూమినియంలో పట్టేసిన స్టెయిన్‌లెస్ స్క్రూను మొదట విప్పే వైపు తిప్పకండి. రెండు మూడు రోజులు చొచ్చుకుపోయే నూనె వేస్తూ ఉండి, టంకం కర్ర మొనతో తలను బాగా వేడి చేసి, ముందు ఒక్క పిసరు బిగించే వైపు కదిలించి, ఆపైన విప్పండి. తల అరిగేదాకా పోట్లాడడం కన్నా సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ మేలు. తిరిగి వేసేటప్పుడు రెండు లోహాలూ నేరుగా తగలకుండా టెఫ్‌జెల్ లాంటి ముద్ద రాయాలి. మర తెగిన కీలు రంధ్రాలకు గుండ్రటి చెక్క ముక్క కొట్టి దాంట్లోనే స్క్రూ వేయడం చూస్తుంటాం. ఆ ముక్కలో స్క్రూ నారల వెంట దిగుతుంది కనుక పట్టు తక్కువ, చిక్కటి ఎపాక్సీ నింపి రంధ్రం వేస్తే నిలుస్తుంది. పాత పడవల్లో అంగుళాల మరా మిల్లీమీటర్ల మరా కలిసిపోయి ఉంటాయి. పావు అంగుళం బోల్టు 6.35 మి.మీ., ఎం6 బోల్టు 6. పావు అంగుళం నట్టు ఎం6 బోల్టుకు కొద్దిగా ఎక్కి పట్టేస్తుంది. తుప్పనుకుని బలంగా తిప్పితే రెండింటి మరలూ పోతాయి, అందుకే మర గేజీ ఒకటి పనిముట్ల పెట్టెలో ఉండాలి.

సిలికాన్ గురించిన ఆ వాక్యాన్ని సవరిస్తూ, సీకాక్‌ల సంగతి కూడా కలిపి మీ వచ్చే సంచికలో నాలుగు మాటలు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
పడవల మరమ్మతు పని తెలిసిన ఒక పాఠకుడు